ఫ్రిజ్‌లో బండి తాళాలు

మా బాబాయి బండి తాళాలు ఫ్రిజ్‌లో పెడతాడు. మతిమరుపు అనుకునేరు, అది మా పనిలో భాగం. సినిమాకి మాటలూ చుట్టుపక్కల చప్పుళ్లూ రికార్డు చేసేవాళ్లకి ఏ వంటింట్లోనైనా మొదటి శత్రువు ఫ్రిజ్. అది రొద పెడుతుంటే ఎంత గొప్ప నటి ఏడ్చినా దండగే. అందుకని షూటింగ్‌కి ముందే ఆపేస్తాం. సాయంత్రం మళ్లీ వేయడం మరిచిపోతే ఇంటివాళ్ల పాలు విరుగుతాయి, మన పరువు పోతుంది. తాళాలు ఐసు అరలో పడేస్తే, ఇంటికెళ్లే ముందు వాటికోసం తలుపు తీయక తప్పదు. రోజూ అవి నీళ్లు కారుతూ బయటికొస్తాయి. బాబాయి చొక్కాకి తుడుచుకుని, ఇంటికెళ్లి పిన్ని చేత చీవాట్లు తింటాడు.

ఎనిమిదేళ్లుగా మైకు కర్ర పట్టుకునేది నేను, విని తేల్చేది ఆయన. నాకూ చిన్న హెడ్‌ఫోన్లు ఉంటాయి కానీ, "బాగుంది", "మళ్లీ" అనే అధికారం బాబాయిదే. ఈమధ్య పిన్ని పిలిస్తే పలకడం లేదు. "అది చెవుడు కాదే, సంసారం," అనేవాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఆ రోజు ఒక పాత ఇంటి వంటింట్లో సీను. తల్లి వేషం వేసిన పెద్ద నటి నాలుగు నిమిషాల మాటలు ఒక్క టేకులో చెప్పింది. దర్శకుడు కళ్లు తుడుచుకున్నాడు. బాబాయి బొటనవేలు ఎత్తాడు. నాకు మాత్రం ఆ మాటల వెనక మొదటి నుంచీ సన్నని రొద. చూస్తే ఫ్రిజ్ స్విచ్ వేసి ఉంది. భోజనాల వేళ ఇంటావిడ వేసేసి ఉంటుంది.

చెబితే బాబాయి చెవుల సంగతి అందరికీ తెలిసిపోతుంది. ఈ పని తప్ప ఆయనకి ఇంకో లోకం లేదు. చెప్పకపోతే సీను గంగలో కలుస్తుంది.

"సారీ అండీ, నా కర్ర అల్మారాకి తగిలింది. చప్పుడు పడింది," అన్నాను.

దర్శకుడు తల పట్టుకుని బాబాయి వైపు తిరిగాడు. "మీరు విన్నారా?"

బాబాయి ఒక్క క్షణం నా ముఖం చూశాడు. "ఆఁ, తగిలింది," అన్నాడు.

తగలని కర్ర ఆయనకి వినిపించింది! అంటే తన చెవుల సంగతి ఆయనకీ తెలుసన్నమాట. పైగా అందరి ముందూ నన్ను కడిగేశాడు. "ఎనిమిదేళ్లు నేర్పింది ఇదా? అవి చేతులా, చెట్టుకొమ్మలా?" నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. వైరు సర్దుతున్నట్టు వంగి స్విచ్ ఆపేశాను. పెద్ద నటి గొణుక్కుంటూ మళ్లీ చెప్పింది. మొదటిసారంత బాగా రాలేదు కానీ, మాటలు శుభ్రంగా పడ్డాయి.

సాయంత్రం బాబాయి స్విచ్ వేసి ఐసు అర తెరిచాడు. తాళాలు ఊడి రాలేదు. కరిగిన నీళ్లు మళ్లీ గడ్డకట్టి వాటిని పట్టేసుకున్నాయి. చెంచాతో పొడిచి తీసి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. పొద్దుట ఆపిన ఫ్రిజ్‌లో గడ్డ ఎక్కడిదో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎప్పట్నుంచి వేసుందే?"

"భోజనాలప్పట్నుంచి, బాబాయ్."

"అయితే కర్ర తగల్లేదు."

ఆయన తాళాలు నా చేతిలో పెట్టి బండి వెనక కూర్చున్నాడు. దారి పొడుగునా నా భుజం మీంచి చెయ్యి తీయలేదు.

మర్నాడు అందరూ చేరాక బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నిన్న మా అమ్మాయి కర్ర ఎక్కడా తగల్లేదు. ఫ్రిజ్ మోగుతుంటే నాకే వినబళ్లేదు. తిట్లు తినాల్సింది నేను." తన హెడ్‌ఫోన్లు తీసి నా తలకి పెట్టి, నా చేతిలో కర్ర లాక్కున్నాడు. "చేతులింకా గట్టిగానే ఉన్నాయిలే."

ఏమంటాడోనని దర్శకుడి వైపు చూశాను. ఆయన తన కుర్చీ నా పక్కకి జరుపుకుని, "కానివ్వండి," అన్నాడు.

మొదటి టేకు అయ్యాక అలవాటు కొద్దీ అందరూ బాబాయి వైపే చూశారు. ఆయన నా వైపు చూశాడు.

"మళ్లీ," అన్నాను. "కర్ర అల్మారాకి తగిలింది."

ఈసారి నిజంగానే తగిలింది.

"అలా మెత్తగా చెబితే ఎలాగే?" అన్నాడు బాబాయి నవ్వుతూ. "అందరి ముందూ కడిగెయ్యి."