జెర్సీల సంచి

ఆ సాయంత్రం కూడా మార్లీన్ ఉతికే మిషన్ ముందు నిలబడి జెర్సీల సంచి విప్పింది. వానలో ఆడిన తెల్ల జెర్సీలు బురదకొట్టుకుపోయి, వాటిలోనే ఎర్ర మేజోళ్లు ఉండలు చుట్టుకుని ఉన్నాయి. ఓహాయోలో ఓ చిన్న కాలేజీ మగపిల్లల సాకర్ జట్టుకి ఆవిడ హెడ్ కోచ్. హెడ్ కోచ్ అంటే మైదానం గట్టున నిలబడి అరిచే మనిషనుకుంటాం కదా, ఈవిడ అరిచి, ఇంటికొచ్చి ఉతికేది కూడా. కాలేజీ జిమ్‌లో ఉతికే మిషన్ చెడిపోయినప్పుడు క్రీడల డైరెక్టర్ బర్ట్, "మీ ఇంట్లో మంచి మిషనుందిగా, ఈ ఒక్క వారం" అన్నాడు. ఆ వారం ఏళ్ల తరబడి సాగింది. పాత కోచ్ రోజుల్లోనూ జిమ్ మిషన్ చెడిపోయేది, ఆయన ఇంట్లోనూ మిషనుండేది, ఆయన్ని ఎవరూ అడగలేదు. పైగా ఈవిడది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. బుధవారం మ్యాచ్ చూశాకే ఖాయం సంగతి తేలుస్తానన్నాడు బర్ట్.

"ఊళ్లోవాళ్ల బట్టలన్నీ ఉతుకుతావు, నా నీలం చొక్కా మాత్రం రేపు రేపంటావు" అన్నాడు భర్త గ్లెన్, టీవీ మీంచి చూపు తిప్పకుండా. పోయిన అత్తగారి మాట గుర్తొచ్చిందామెకు. "మగపిల్లల్ని ఆడించడం నీకెందుకే, ఉన్న ఒక్క మగాణ్ణి చూసుకోక!" అప్పుడు తను నవ్వింది. ఏం చూసి నవ్వానా అని ఇప్పుడు ఆలోచిస్తుంటే ఫోన్ మోగింది. జట్టు కెప్టెన్ కోల్బీ.

"కోచ్, పోయినసారి నా మేజోళ్లు తిరగేసే ఉన్నాయండీ. ఈసారి కాస్త చూడండి."

ఎంతో మర్యాదగానే అడిగాడు. ఆవిడ బట్టలన్నీ మళ్లీ సంచిలో కుక్కి మూతి బిగించింది.

మర్నాడు ఆ సంచి తెచ్చి కోల్బీ కాళ్ల దగ్గర పడేసింది. "వీధి చివర డబ్బులేసి ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కునే లాండ్రీ ఉంది. ఉతికినవాళ్లే బుధవారం ఆడేది."

"మాకు రాదు కోచ్!"

"ఆఫ్‌సైడ్ రూలు కూడా మొదట్లో రాలేదు నీకు, నేర్చుకోలా?"

బుధవారం పిల్లలు మైదానంలోకి వచ్చారు, నిలువునా గులాబీ రంగులో. తెల్లవీ ఎర్రవీ కలిపి వేడినీళ్లలో పడేశారు మరి! "ఏం పాపలూ, ఎవరి పుట్టినరోజూ?" అని అవతలి జట్టువాళ్లు ఈలలు. బర్ట్ పరుగెత్తుకొచ్చాడు. "ఒక్కసారి చూసుకోకూడదా మార్లీన్! పరువు తీశావు."

"ఆట పోతే నన్ను పంపించెయ్యండి. రంగు మాత్రం వాళ్లది."

తలలు దించుకున్న పిల్లల దగ్గరికెళ్లింది. "నవ్వనీండిరా. నేనీ గట్టు మీదికి వచ్చినప్పటినుంచీ నవ్వుతూనే ఉన్నారు, దిగిపోయానా? వాళ్ల ఎడమవైపు ఖాళీ ఉంది. అటు పరుగెత్తండి."

పరుగెత్తారు. ఒక్క గోలు తేడాతో గెలిచారు. చివర్లో బర్ట్ గొంతు సవరించుకుని, "రేపొచ్చి సంతకం పెట్టు" అన్నాడు.

"పెడతాను. సంచి ఇక మా ఇంటికి రాదు" అంది.

ఇంటికెళ్లేసరికి గ్లెన్ ఆమె ఖాళీ చేతులకేసి చూశాడు. "సంచేదీ? నా చొక్కా కూడా దాంతోపాటే వేస్తావని తీసి పెట్టానే!"

మార్లీన్ కూర్చుని బూట్లు విప్పుకుంది.

"మిషన్ ఖాళీగానే ఉంది గ్లెన్. ఎర్రవాటితో మాత్రం కలపకు."