పసుపు రంగు ఫోల్డర్

ఫోను మోగేటప్పటికి జానకిరామయ్య వరండాలో కూర్చుని దర్భలు ఏరి కట్టలు కడుతున్నాడు. చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కాడు. సుబ్బరావమ్మ గొంతు వీధి మలుపు దాకా వినిపించింది.

"పంతులుగారూ, ఎల్లుండి మా కార్తిక్ కూతురికి బారసాలండీ. మీరే చేయించాలి."

"నేనా అమ్మా?"

"మీరే. మా ఆయన తద్దినానికి ఏటా వస్తన్నారు, ఒక్క మంత్రం మింగింది లేదు. ఆ చేత్తోనే మా పిల్లకి పేరు పెట్టించాలని నా కోరిక. మావాళ్లు గొణిగారనుకోండి. ఇంట్లో పెద్దదాన్ని నేనింకా ఉన్నానా పోయానా అని అడిగా. నోళ్లు మూసుకున్నారు."

ఒళ్లోని దర్భలు నేల మీదికి జారాయి. వాటిని ఏరుకోకుండానే జానకిరామయ్య "వస్తానమ్మా" అన్నాడు.

ఆయన అపరకర్మలు చేయించే బ్రాహ్మడు. దశాహాలు, మాసికాలు, తద్దినాలు. సత్తెనపల్లిలో గానీ, చుట్టుపక్కల మిరప పండించే ఊళ్లలో గానీ ఆయన ఒక ఇంట్లో అడుగుపెట్టాడంటే అక్కడ ఎవరో పోయారన్నమాట. సన్నటి మనిషి, కొంచెం ముందుకు వంగిన వీపు. దర్భ ఉంగరం ఒరుసుకుని ఒరుసుకుని కుడిచేతి ఉంగరపు వేలు మొదట్లో కాయ కాసింది. శుభకార్యానికి బయల్దేరినవాళ్లు ఆయన ఎదురైతే వెనక్కి వెళ్లి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతారు. అందుకని ముహూర్తాల రోజుల్లో ఎండెక్కేదాకా ఆయనే గడప దాటడు. మొన్న సొంత కొడుకు పెళ్లిలోనూ మంత్రాలు వేరే పురోహితుడు చదివాడు. ఈయన పెదవులు మాత్రం చప్పుడు లేకుండా కదిలాయి.

కొత్త కోడలు హారిక తడిచేతులతోనే బయటికి పరుగెత్తుకొచ్చింది.

"విన్నాను మామయ్యగారూ! మొత్తం విన్నాను! టాబ్లెట్ తెస్తానుండండి."

ఆ టాబ్లెట్ ఆమె కాలేజీలో వాడుకున్నది. ఓ మూల అద్దం చిట్లింది. కాపురానికి వస్తూనే మామగారి చేతిలో పెట్టి, ఆయన ఫోనులో ఉన్నదంతా అందులోకి ఎక్కించింది. కర్మలు చేయించే ప్రయోగం పుస్తకం పేజీల ఫొటోలు, జనం వాట్సాప్‌లో పంపిన గోత్రాలూ పేర్లూ, దండలు వేసిన పటాలు, వాటి మధ్యలో ఎవరెవరో పంపిన శుభోదయం గులాబీలు. "పచ్చడి జాడీలో బట్టలు కుక్కినట్టుందండీ" అని నవ్వి, కూర్చోబెట్టి సర్దడం నేర్పింది. గులాబీలు పోగా మిగిలినదంతా ఒకే ఫోల్డర్‌లోకి చేరింది. దానికి 'అపరం' అని పేరు పెట్టారు. దాని రంగు బూడిద.

"ఇప్పుడు రెండోది చేద్దాం. రంగు చెప్పండి."

"రంగులు కూడా మన ఇష్టమేనా?"

"మనదే!"

ఆయన బూడిద రంగు ఫోల్డర్ వైపు చూశాడు. "పసుపు" అన్నాడు.

పేరు మాత్రం తానే కొడతానన్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'శుభ' దాకా వచ్చి సున్నా దొరక్క ఆగిపోతే హారిక చూపించింది. తర్వాత సుబ్బరావమ్మ ఇంటివాళ్ల గోత్రం, పేర్లు ఆయన చెబుతుంటే ఆమె ఒక ఫైలుగా రాసింది. ముందు ఇంటి పెద్దగా సుబ్బరావమ్మ, తర్వాత ఆమె కొడుకు, మనవడు కార్తిక్, అతని భార్య తేజశ్రీ. చివర 'శిశువు' అని రాసి పక్కన ఖాళీ ఉంచింది.

"ఎల్లుండి పేరు పెట్టాక అక్కడ నింపుదామండీ. ఇప్పుడు ఫైలు మీద వేలు ఆనించి, అలాగే పసుపు దాంట్లోకి లాగండి. వేలు ఎత్తారో, మధ్యలో జారిపోతుంది."

రెండుసార్లు జారింది. మూడోసారి లోపలికి వెళ్లింది. హారిక చప్పట్లు కొట్టింది. కోడలు వంటింట్లోకి వెళ్లాక జానకిరామయ్య ఫోల్డర్ తెరిచి, అదొక్కటే ఫైలు ఉందని చూసుకుని, మూసి, మళ్లీ తెరిచాడు.

మధ్యాహ్నం పక్క ఊళ్లో మాసికం. దారికి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి ఆటో అబ్బాయి ముక్కుకి తువ్వాలు చుట్టుకున్నాడు. వెనక సీట్లో జానకిరామయ్య దగ్గుతూనే నామకరణం మంత్రాలు నెమరు వేసుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చినవి. ఒక్కటీ పోలేదు.

ఆ ఇంట్లో కర్తను కూర్చోబెట్టి సంకల్పం మొదలుపెట్టాడు. అలవాటైన దారిలో సాగుతున్న నాలుక ఒక్కచోట తప్పింది. పితృకార్యంలో 'పుణ్యతిథౌ' అనాల్సిన చోట 'శుభతిథౌ' అనేశాడు. ఆగిపోయాడు. కర్త ఫోనులో మిర్చి యార్డు ధరలు చూసుకుంటున్నాడు, ఎవరూ గమనించలేదు. మెల్లగా మాట దిద్దుకుని ముందుకు నడిపించాడు. పని అయ్యాక బియ్యం, కూరలు వరండాలోనే ఇచ్చారు. తాగడానికి నీళ్లడిగితే ఓ పిల్ల చెంబు ఎత్తి పట్టుకుని దోసిట్లో పోసింది.

ఇంటికొచ్చి స్నానం చేసి, ట్రంకు పెట్టె అడుగునుంచి పట్టుపంచె తీశాడు. మడతల దగ్గర పసుపుపచ్చ గీతలు పడ్డాయి. హారిక అడిగి తీసుకుని మరీ ఇస్త్రీ చేసి, మడతపెట్టి మంచం మీద ఉంచింది.

"పెళ్లికొడుకులా ఉంటారు చూడండి మామయ్యగారూ."

"ఊరుకోమ్మా" అన్నాడు గానీ, అంచు మీద చెయ్యి వేసి నిమిరాడు.

దీపాలు పెట్టే వేళ ఫోను మోగింది. సుబ్బరావమ్మ నంబరే. గొంతు మాత్రం కార్తిక్‌ది.

"పంతులుగారూ... నానమ్మ పోయిందండీ."

జానకిరామయ్య ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాడు.

"కాయలు ఎంతవరకు ఎండాయో చూసొస్తానని కల్లానికి వెళ్లింది. అక్కడే మంచం మీద ఒరిగింది. నిద్దరోతందనుకున్నారండీ కూలోళ్లు. రేపు పొద్దున్నే మీరు రావాలి. మీరు తప్ప ఎవరున్నారు మాకు?"

"వస్తాను నాయనా."

బారసాల మాట కార్తిక్ ఎత్తలేదు. ఈయనా అడగలేదు. మైల తీరాక పిల్లకి పేరు పెడతారు. దశాహం చేయించిన చేత్తో బారసాల చేయించమని ఎవరూ పిలవరు. పిలిచే మనిషి పోయింది.

హారిక గుమ్మంలో నిలబడిపోయింది. జానకిరామయ్య మంచం మీద కూర్చుని టాబ్లెట్ తీసుకున్నాడు. రేపటికి ఆ గోత్రం, ఆ పేర్లే కావాలి. పసుపు ఫోల్డర్ తెరిచి ఫైలు మీద వేలు ఆనించాడు. కాయ కాసిన ఆ చేతి వేలు మెల్లగా, ఎక్కడా ఎత్తకుండా, బూడిద రంగు వైపు జరిగింది. ఈసారి జారలేదు. శిశువు పక్కనున్న ఖాళీ కూడా దాంతోపాటే వెళ్లింది.

"ఆ ఫోల్డర్... తీసేయమంటారా మామయ్యగారూ?"

"ఉండనీమ్మా. నేను రేపు మొదటి బస్సుకి వెళ్తాను. దర్భలు చాలవు, తెల్లవారుజామునే లేచి ఇంకో కట్ట కట్టుకోవాలి."

లేచి వరండాలోకి వెళ్లాడు. మంచం మీద, మడత విప్పని పట్టుపంచె పక్కన, టాబ్లెట్ ఇంకా వెలుగుతూనే ఉంది. పసుపు రంగు కింద సన్నటి అక్షరాలు: ఈ ఫోల్డర్ ఖాళీగా ఉంది.