జాడీలో వాన నీళ్ళు

"జాడీలో చెంబెడు తగ్గినాయి. ఎవురు తీసినారు?"

వంటింటి గడప దగ్గర నిలబడి సామ్యేలు మేష్టారు అడిగితే, రెబెకమ్మ పొయ్యి ఊదడం ఆపలేదు.

"నేనే. మన బావినీళ్ళు ఉప్పు కషాయం. కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. వాన నీళ్ళయితే వెన్న మాదిరి అవుతాది."

"అవి బండికి పట్టినవే! బ్యాటరీల్లో వాన నీళ్ళే పోయాల."

"బండికి జాడీడు నీళ్ళు. మొగుడికి ముద్దపప్పు వద్దా?"

ఆయన నవ్వలేదు. సుద్దముక్క తెచ్చి, గాజు జాడీ మీద నీటి మట్టానికి గీత గీసి బడికి వెళ్ళిపోయాడు.

బండి అంటే కరెంటు కారు. క్రైస్తవ మిషను దొరసాని తన దేశం పోతూ ఆత్మకూరు బంగళా షెడ్డులో వదిలిపెట్టింది. ముప్పై ఏళ్ళు అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి. యుద్ధమప్పుడు పెట్రోలు లేక బస్సులు బొగ్గు పొగతో నడిచిన రోజులు సామ్యేలు మరిచిపోలేదు. దాన్ని అడిగి తెచ్చుకుని, మద్రాసు నుంచి కొత్త బ్యాటరీలు తెప్పించాడు. శీనయ్య బియ్యం మిల్లు ఇంజను ఆడినంతసేపూ అక్కడి డైనమోతో బ్యాటరీలకి కరెంటు పట్టించేవాడు. ఎవరు కనబడినా ఒకటే పాట: పొగ లేదు, మోత లేదు, రేపు అందరూ ఇదే కొంటారు.

"ముందు ఊరికి కరెంటు రానీ మేష్టరా," అనేవాడు శీనయ్య. "సరే, ఉదయగిరి దాకా ఆగకుండా పోయి చూపించు. నేనూ ఒకటి తెప్పిస్తా."

ఇంట్లో ఆ సుద్దగీత రెబెకమ్మ కంట్లో నలుసులా ఉండేది. తన వంటింట్లో తనకే కాపలా! చుట్టాలొచ్చిన రోజు రెండు చెంబులు తీసి, గీత దాకా బావినీళ్ళు పోసింది. ఎవరూ కనిపెట్టలేదు. ఆ తర్వాత అదే అలవాటయింది.

వేసవిలో బండి ఉదయగిరికి బయలుదేరింది. పది మైళ్ళయినా పోకముందే ఆగింది. సాయంత్రం ఎద్దులు దాన్ని లాక్కొస్తుంటే, వెనక నడిచి వస్తున్న మొగుడి మొహం చూడలేక రెబెకమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఆరాధన నుంచి వచ్చి అందరూ భోజనానికి కూర్చున్నారు.

"బ్యాటరీల్లో సీసం పలకలన్నీ అరిగి పొడైపోయి ఉండాయి," అన్నాడు సామ్యేలు అన్నం కలుపుతూ. "మన ఎండలకి ఈ బండి తట్టుకోదు. ఇన్నాళ్ళూ ఊరందరికీ తప్పు చెప్పినాను. చెరువు కాడ చేపలోళ్ళు సీసం అడిగినారు, కరగబెట్టి వలలకి గుండ్లు పోసుకుంటారంట. ఇచ్చేస్తా."

రెబెకమ్మ గరిటె కింద పెట్టింది.

"తప్పు మీది కాదు, బండిదీ కాదు. జాడీలో ఆ ఉప్పు బావినీళ్ళు పోసినాను. గీత దాకా."

ఆయన విస్తట్లో పప్పు వైపు చాలాసేపు చూశాడు. అది మెత్తగా, పచ్చగా ఉంది.

"అడిగుంటే ఇచ్చేవాణ్ణి గదా."

"గీత గీసినాక ఎట్టడిగేది?"

పిల్లలు తినడం ఆపి ఇద్దరినీ చూస్తున్నారు.

"మళ్ళా బ్యాటరీలు కొనే శక్తి మనకి లేదు," అన్నాడు సామ్యేలు. "సీసం వాళ్ళకే పోతాది."

"పోనీండి," అంది రెబెకమ్మ. "రేప్పొద్దున మిల్లు కాడికి నేను పోతా. బండి మంచిదేనని, చెడగొట్టింది నేనని శీనయ్యకి నేనే చెప్తా."