వరసలో బిందెలు

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆమె లైనక్క. వీధికంతటికీ ఉన్న ఒక్క కుళాయి దగ్గర వరస చూడటం ఆమె పని. దానికి జీతం లేదు, ఎవరో ఇచ్చిన ఉద్యోగమూ కాదు. నోరు మాత్రం ఉండాలి. అది ఆమెకు దండిగా ఉంది.

ఆ కుళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. అలాగని పనులు మానుకుని దాని ముందు కూర్చుంటే పొయ్యి వెలగదు. అందుకని వీధిలో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. చీకటితోనే ఎవరి బిందె వాళ్లు తెచ్చి వరసలో పెట్టి పనికి పోతారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. వరస కదిలినప్పుడల్లా లైనక్క ఒక్కొక్క బిందెనీ వంగి చేత్తో ముందుకు జరుపుతుంది. ఎవరైనా కాలితో తోశారంటే ఆ పూట వాళ్ల ఏడు తరాలకూ అక్షింతలు పడతాయి. ఇంకొకటి కూడా ఉంది: వరస చూసేవాళ్లు ఆఖరున పట్టుకోవాలి. ఇది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. ఎండాకాలంలో ఎన్నోసార్లు తన బిందె సగమైనా నిండకుండానే ధార ఆగిపోయేది. అయినా మాట తప్పలేదు. వీధి ఆమె నోటిని భరించిందంటే అందుకే.

ఆ కుళాయికి ఇప్పుడు ఎసరొచ్చింది. సందు వెడల్పు చేస్తారట. కుళాయి తీసుకెళ్లి పెద్దరోడ్డు అవతల పెడతారట. పది అడుగులు ఎక్కువ నడిస్తే అరిగిపోతారా అని కౌన్సిలరు నవ్వుతూ అన్నాడు. ఆయన ఇంట్లో పంపు తిప్పితే నీళ్లొస్తాయి కాబట్టి నవ్వు బాగానే వస్తుంది. ఆ రోడ్డు మీద లారీలు కళ్లు మూసుకుని పోతాయి. మనుషులే పక్కకు తప్పుకుంటూ ఉండాలి.

లైనక్క నడుము ఏనాడో చేతులెత్తేసింది. కొడుకు లారీ మీద క్లీనరుగా ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. ఇంట్లో నీళ్లు మోసేది కోడలు. ఆ పిల్లకిప్పుడు నెలలు నిండుతున్నాయి. కడుపుతో, చంకలో బిందెతో ఆ రోడ్డు దాటడం తలుచుకుంటే లైనక్క కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచేది.

ఈసారి ఎన్నికల్లో కౌన్సిలరు మీద పోటీకి వీధివాళ్లు టైలర్ని నిలబెట్టారు. టైలరు నోట్లో నాలుక లేని మనిషి. ప్రచారానికి వెళ్లి, "మీకు తెలిసిందే కదా" అనేసి నీళ్లు నమిలేవాడు. మిగతాది పక్కనుంచి లైనక్క అందుకునేది. కౌన్సిలరుది గొడుగు గుర్తు. టైలరుకు గుర్తుల్లోంచి బిందె వచ్చింది. ఆ రోజు వీధి వీధంతా నవ్వుకుంది. దేవుడే గెలిపిస్తున్నాడన్నారు. లైనక్క కూడా అలాగే అనుకుంది.

భయమల్లా లైను గురించే. పోయినసారి వీధిలో సగం మంది పోలింగ్ జరిగే బడి దాకా వెళ్లి, లైను చూసి తిరిగొచ్చారు. ఆ రోజు సెలవని పేపర్లో వేస్తారు. కానీ హోటల్లో అంట్లకు, ఆసుపత్రిలో మెట్లకు, అపార్టుమెంటు గేట్లకు సెలవెవరిస్తారు? వీళ్లు పని ముగించుకుని వెళ్లేసరికి అపార్టుమెంట్లవాళ్లు కాఫీలు తాగి, పేపర్లు చదివి, తీరుబడిగా వచ్చి లైను నింపేస్తారు. వెనక నిలబడితే మళ్లీ సాయంత్రం పనికి వేళవుతుంది.

ముందురోజు సాయంత్రం అందరూ కుళాయి దగ్గర కూడి ఇందుకే తలపట్టుకున్నప్పుడు లైనక్కే దారి చెప్పింది. రోజూ చేసేదే రేపూ చేద్దాం. చీకటితో మీ బిందెలు అక్కడ పెట్టి పొండి, నేను చూసుకుంటాను, పనులు కాగానే వచ్చి ఎవరి చోట్లో వాళ్లు నిలబడండి. అందరి ముఖాలూ వెలిగాయి. కోడలు మాత్రం బిందెలెందుకు, చెప్పులో ఇటుకలో పెడితే సరిపోదా అంది. లైనక్కకు అది చిన్నతనంగా తోచింది.

"ఓటుకెళ్తూ చెప్పు పెడతారటే ఎవరన్నా? బిందెకున్న మర్యాద వేరు."

అత్తతో వాదించి గెలిచినవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు.

తెల్లవారేసరికి బడి గేటు లోపల, గది తలుపు దగ్గర్నుంచి స్టీలువీ ప్లాస్టిక్‌వీ బిందెలు బారులు తీరి ఉన్నాయి. అన్నిటికీ వెనక లైనక్క. ఆమె వెనక అపార్టుమెంట్లవాళ్లు ఒక్కొక్కరే చేరారు. మొదట్లో కొంచెం సణిగారు. ఆమె వాళ్లకు సర్దిచెప్పింది: మీరు ముందుకెళ్లి ఓట్లు వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ మావాళ్లు వచ్చేసరికి ఈ చోట్లు వాళ్లవి. అందులో అన్యాయమేమీ వాళ్లకూ కనబడలేదు. రిటైరైన మాస్టారొకాయనైతే ఇదేదో బాగానే ఉందే అని నవ్వి, బిందెల పక్కనుంచి నడిచి లోపలికెళ్లాడు. గేటు దగ్గరి కానిస్టేబులు కూడా బిందెలు చూసి ఏమీ అనలేదు. కుర్రవాడు, మెత్తని మనిషి. లైనక్కకు ధైర్యం వచ్చేసింది. లైను ఎక్కడైనా లైనే కదా అనుకుంది.

ఎండెక్కాక కౌన్సిలరు తరఫు ఏజెంటు బయటికొచ్చాడు. బిందెల వరస ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. ఆనందంతో అతని ముఖం చేటంత అయింది. గబగబా లోపలికెళ్లి ఆఫీసర్ని వెంటబెట్టుకొచ్చాడు.

ఆఫీసరు బిందెలు చూసి తల పట్టుకున్నాడు. పోలింగు జరిగే చోట అభ్యర్థి గుర్తు పెట్టడం నేరమనీ, ఇన్ని గుర్తులు ఒకేసారి పెట్టినవాళ్లను తన సర్వీసులో చూడలేదనీ అన్నాడు. లైనక్కకు ముందు అర్థం కాలేదు. మెల్లగా అర్థమైంది. గుర్తూ బిందే, వరసలో ఉన్నదీ బిందే. నిన్న సాయంత్రం అంతమంది ఉన్నారు. ఒక్కరి బుర్రకూ తట్టలేదు. ఎలా తడుతుంది? వాళ్లకు బిందెలో టైలరు కనబడడు, నీళ్లు కనబడతాయి. చెప్పులు పెడదామన్న కోడలి మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె చుట్టూ చూసింది. ఎండ చురుక్కుమంటుంటే లైను పొడుగునా అపార్టుమెంట్లవాళ్లు గొడుగులు విప్పుకుని నిలబడి ఉన్నారు. నల్లవి, పూలవి, మడతపెట్టేవి.

"మరి ఆ గొడుగులో, అయ్యా?"

"అవి ఎండకమ్మా."

"మావి నీళ్లకయ్యా."

లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు, కోప్పడనూ లేదు. పాపం ఆయన చేతుల్లోనూ ఏమీ ఉన్నట్టు లేదు. ఫిర్యాదు వచ్చాక చూసీ చూడనట్టు వదిలేస్తే తన ఉద్యోగం మీదికి వస్తుందన్నాడు. బిందెలన్నీ వ్యాన్లోకి ఎక్కించారు. ఎక్కించేవాడు వాటిని ఒకదానిలో ఒకటి దూర్చి కాలితో నెడుతుంటే లైనక్క ప్రాణం గిలగిల్లాడింది, కానీ నోరు పెగల్లేదు. ఆ నోరు మూతపడటం చూసినవాళ్లు వీధిలో ఎవరూ లేకపోవడమే నయం.

పైఆఫీసరు వచ్చి వాంగ్మూలం రాసుకునేదాకా ఆమె కదలకూడదన్నారు. పక్క గదిలో ఒకటో తరగతి పిల్లల బెంచీ మీద కూర్చోబెట్టారు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఎదురుగా కిటికీ, కిటికీలోంచి లైను. తను ఓటు వేసి వచ్చి ఇక్కడే కూర్చుంటానని బతిమాలింది. వాంగ్మూలం అయ్యాకే ఏదైనా అన్నారు.

అనుకున్న వేళకే వీధివాళ్లు రావడం మొదలైంది. ముందు హోటల్లో అంట్లు తోమే వదిన వచ్చింది, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. తన బిందె కోసం వెతుక్కుంది. కానిస్టేబుల్ని అడిగింది. అతను వెనక్కి చెయ్యి చూపించాడు. వెనక అంటే గేటు దాటి, గోడ మలుపు తిరిగి ఎక్కడో. ఆమె వెళ్లి నిలబడింది. తర్వాత వాచ్‌మన్ బావ, ఆసుపత్రిలో ఊడ్చే అక్కాచెల్లెళ్లు, ఇస్త్రీ తాత. ఒక్కొక్కరే వచ్చి తమ చోటు ఉండాల్సిన నేల వంక చూసి, చివరికి పోయి నిలబడ్డారు. లైనక్క కిటికీ ఊచలు పట్టుకుని పిలిచింది. వాళ్లకు వినబడలేదు. గట్టిగా పిలవబోతే లోపల పోలింగు జరుగుతోందని గుమ్మం దగ్గరి పోలీసు మందలించాడు.

ఎవరు ఎప్పుడు ఏ పనికి పోవాలో ఆమెకు కంఠతా వచ్చు. అందుకే చూడటం ఇంకా కష్టమైంది. ఇప్పుడు వదిన వెళ్లిపోతుంది అనుకుంది, వదిన వెళ్లిపోయింది. ఇప్పుడు అక్కాచెల్లెళ్లకు డ్యూటీ వేళయింది అనుకుంది, వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని లైనులోంచి బయటికొచ్చారు. ఇస్త్రీ తాత కాసేపు గోడకు ఆనుకున్నాడు, తర్వాత ఆ గోడ దగ్గర లేడు. గంట కిందట నిలబడ్డ అపార్టుమెంట్లవాళ్లు మాత్రం వరసగా లోపలికొచ్చి, వేలు చూసుకుంటూ బయటికి పోతున్నారు. వాళ్లను తిట్టుకుందామంటే వాళ్లూ ఏ తప్పూ చేయలేదు.

మధ్యాహ్నం కోడలు వచ్చింది. అత్త కోసం నాలుగు వైపులా చూసి, కనబడక, లైను చివర నిలబడింది. ఎండలో ఆ పిల్ల ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. కాసేపటికి నేల మీద కూలబడిపోయింది. ముందున్న ఆవిడెవరో తన గొడుగు పట్టింది, నీళ్ల సీసా ఇచ్చింది. తర్వాత ఎవరో ఆటో పిలిచి ఎక్కించారు. ఆటో మలుపు తిరిగింది. అదంతా లైనక్క కిటికీలోంచి చూసింది. ఏడుపు ఆగలేదు. పోలీసు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగలేదు.

పైఆఫీసరు పొద్దు వాలాక వచ్చాడు. బిందెల సంగతి విని, ఇందుకా నన్ను పిలిచింది అని విసుక్కున్నాడు. కాగితం మీద ఏదో గీకి సంతకం పెట్టమన్నాడు. అంతే, ఇక వెళ్లవచ్చునన్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి గేటు మూస్తున్నారు. పని ముగించుకుని మళ్లీ పరుగెత్తుకొచ్చిన వీధివాళ్లు గేటు అవతలే చిక్కుకుపోయారు. వదిన, వాచ్‌మన్ బావ, టైలరు పెళ్లాం, ఇంకా చాలామంది ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నారు. లైనక్క కానిస్టేబులు కాళ్లావేళ్లా పడింది. పొద్దున వాళ్ల చోట్లు ఉన్నాయి కదా, నువ్వే చూశావు కదా అంది.

"చూశాను పెద్దమ్మా. వేళయిపోయింది, నా చేతిలో లేదు. నువ్వు పొద్దుటి నుంచీ లోపలే ఉన్నావు, నీకొక్కదానికే కుదురుతుంది. తొందరగా వెళ్లు."

"వరస చూసేదాన్ని బాబూ. వాళ్లందరి తర్వాతే నేను."

"ఇప్పుడు ఆఖరు నువ్వే పెద్దమ్మా. నీ వెనక ఎవరూ లేరు."

ఆమె గేటు వైపు చూసింది. వెళ్లమని టైలరు పెళ్లాం తలతో సైగ చేసింది. ఆమె వెళ్లింది. లోపల గొడుగు పక్కన చిన్న బిందె బొమ్మ ఉంది. నీళ్లు లేని బిందె, మూతి కూడా సరిగ్గా గీయలేదు. దాని పక్కన నొక్కింది. బయటికొచ్చేటప్పుడు సిరా వేలు గుప్పిట్లో దాచుకుంది. గేటు తీశాక వాళ్లెవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

టైలరు ఓడిపోయాడు. ఎన్ని ఓట్లతో ఓడాడో వీధిలో ఎవరూ అడగలేదు. అడిగితే ఎవరెవరు లైనులోంచి వెళ్లిపోయారో లెక్క వేసుకోవాల్సి వస్తుంది.

కొద్ది రోజులకే మనుషులొచ్చి కుళాయి పీకి, గొట్టం మూతికి బిరడా కొట్టి పోయారు. ఆ సాయంత్రమే పోలీసు వ్యాను వచ్చి బిందెలు దించి వెళ్లింది. ఒక్కోదాని మెడకూ కాగితం ముక్క కట్టి ఉంది. లైనక్క ఆ కాగితాలు తెంపేసి, ఒక్కొక్క బిందెనూ తుడిచి, కుళాయి ఉండే చోట వరసగా పెట్టింది. వదినది మొదట, బావది తర్వాత, తనది ఆఖరున.

మర్నాడు తెల్లవారుతుండగా కోడలు నిండు కడుపుతోనే వచ్చి ఆ వరసలోంచి ఇంటి బిందె తీసి చంకన పెట్టుకుంది.

"అత్తయ్యా, నేను వెళ్లొస్తాను. ఎండెక్కితే అక్కడ జనం ఎక్కువవుతారట."

లైనక్క కూడా వెంట నడిచింది. రోడ్డు అంచుకు చేరేసరికి లారీల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. అవతల కుళాయి దగ్గర అప్పటికే మనుషులు నిలబడి ఉన్నారు. ఆమె కోడల్ని వెనక్కి జరిపి, ముందుకొచ్చి ఆపమని చెయ్యెత్తింది. వేలి మీద సిరా ఇంకా పోలేదు. ఒక లారీ పోయింది, దాని వెనక ఇంకొకటి పోయింది. ఏదీ ఆగలేదు. ఆమె చెయ్యి దించలేదు. కోడలు చంకలో బిందెతో, ఆమె వెనకే, తన వంతు కోసం నిలబడింది.