ఓబిలేష్ చెవుల్లో ఈల

కళ్యాణదుర్గం చుట్టుపక్కల బోరు లారీ మీద పదమూడేళ్లు పనిచేసిన ఓబిలేష్‌కు ఒక పేరుండేది. రాయిలోకి దిగుతున్న సుత్తి మోత మారగానే, దుమ్ము తడవక ముందే, "నీళ్లు తగిల్నాయి" అనేవాడు. రైతులు అతని మొహమే చూస్తూ నిలబడేవారు.

ఇప్పుడు వాళ్లు అదే లారీ మీది రామాంజి మొహం చూస్తున్నారు.

రెండేళ్లుగా ఓబిలేష్ చెవుల్లో ఈల. మిషన్ ఆపినా అది ఆగదు. నలుగురు కలిసి మాట్లాడితే ఒక్క మాటా తెలియదు. గిన్నె కిందపడితే మాత్రం తల పగిలినట్టుంటుంది. అనంతపురంలో డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది.

"మోతకు లోపలి చెవి దెబ్బతినింది. ఆడినుంచి శబ్దం సరిగా అందక మెదడు తనే వాల్యూమ్ పెంచుకునింది. బయట ఏ శబ్దమూ లేకపోయినా, వినికిడి నరాల దారులు మెదడులో మోగుతానే ఉండాయి."

"తగ్గుతాదా మేడం?"

"పూర్తిగా పోగొట్టే మందు లేదప్పా. ఓర్చుకునేది నేర్పిస్తాం. ఇంక ఆ మోత దగ్గరికి పోవద్దు."

వేరే పని తెలియక ఓబిలేష్ మళ్లీ లారీ ఎక్కాడు.

అతని దగ్గరే పని నేర్చుకున్న రామాంజి ఎనిమిదేళ్లుగా అదే మోతలో ఉన్నాడు. చెవులకు తొడుగులు పెట్టుకుంటాడు. "మోతకు భయపడే మొగోడివేమప్పా" అని మొదట్లో ఎగతాళి చేసింది ఓబిలేషే. ఇప్పుడు అవి కనబడితే కడుపు మండుతుంది.

పామిడి దగ్గర ఒక చేనులో రామాంజి చెప్పిన చోటే నీళ్లు ఎగజిమ్మాయి. రైతు సుంకప్ప అతని మెడలో కొత్త టవల్ వేశాడు. ఫోటో కోసం ఓబిలేష్‌ను పక్కకు జరగమన్నాడు. మర్నాడు పొద్దున్నే ఓబిలేష్ ఆ తొడుగులు తీసి పైపుల కింద దాచేశాడు.

రామాంజి అంతా వెతికాడు. దొరకలేదు. పని ఆపితే ఓనరు ఊరుకోడని ఉత్త చెవులతోనే పనిలోకి దిగాడు. మూడోరోజు మధ్యాహ్నం సద్ది ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"అన్నా, చెవిలో ఏందో కూస్తాండాది. నీకూ ఇట్లనే మొదలైందా?"

ఓబిలేష్ ముద్ద గిన్నెలోనే వదిలేశాడు. లేచి వెళ్లి తొడుగులు తెచ్చి అతని ముందు పెట్టాడు.

"నేనే దాచినా."

రామాంజి తొడుగులు చేతిలోకి తీసుకున్నాడు. "పని నేర్పినోడివి. నిన్నేమనేది?" అని లేచిపోయాడు.

వారం రోజులు పలకలేదు. ఎనిమిదో రోజు తనే వచ్చి, "కూత ఆగిపోయిందిలే అన్నా" అన్నాడు.

ఓబిలేష్‌కు గుండెల మీది బండ దిగినట్టయింది. రామాంజి భుజం పట్టుకుని ఏడ్చేశాడు. ఏడుస్తూ ఉండగానే, సిగ్గు లేకుండా, కడుపులో మళ్లీ మంట రేగింది. వాడిది ఆగిపోయింది.