ఇరవై ఆరుగురి బంతి

మొదటిసారి పరీక్షలో ‘ఎం’ అనే అక్షరానికి యశస్విని మ్యాంగో అంది. నూజివీడు పిల్ల మరేమంటుంది? కానీ విమానాశ్రయంలో వాకీటాకీ పట్టుకునే ఉద్యోగానికి అది పనికిరాదు. అక్షరాలు తప్పుగా వినపడకుండా ఒక్కోదానికి ఒక్కో మాట ఖాయం చేసి పెట్టారు. ఏకి ఆల్ఫా, బికి బ్రావో, ఎంకి మైక్. అలా ఇరవై ఆరు. సోమవారం మళ్లీ పరీక్ష, అదే ఆఖరి అవకాశం. పిల్ల తిండి మానేసి బట్టీ పడుతోంది. పొద్దున ఎక్కినవి సాయంత్రానికల్లా దిగిపోతున్నాయి.

కామేశ్వరి పిన్ని చూసి ఊరుకోలేకపోయింది. మామిడికాయల వ్యాపారి పాండురంగారావు భార్య ఆవిడ. బంధువుల్లో ఏ పెళ్లయినా వడ్డన ఆవిడ చేతిమీదుగా జరగాల్సిందే. ఏ బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు పులిహోర మారు అడిగారో ఏళ్ల తర్వాత కూడా చెప్పేస్తుంది. అదేం బుర్రో!

“ఉత్త మాటలు ఎలా గుర్తుంటాయే? మనుషుల్ని కూర్చోబెట్టు,” అంది పిన్ని. “ఆల్ఫా మీ పెద్ద మావయ్య. మొదటి విస్తరి ఆయనకి వెయ్యకపోతే అలిగి లేచిపోతాడు. ఎకో మీ బాబాయి. నేనేమంటే అదే అంటాడు.”

“అదే అంటాను,” అన్నాడు పాండురంగారావు పేపర్లోంచి తలెత్తకుండా.

“మైక్ మీ అత్తయ్య. ఆవిడ గుసగుస వీధి చివరిదాకా వినపడుతుంది. ఎక్స్‌రే మీ చింతలపూడి వదిన. నీ చీర కొత్తదో పాతదో గుమ్మంలోనే తేల్చేస్తుంది. చివర్న జులూ, ఆ జులపాల సందీప్ గాడు.”

యశస్విని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే బంతి మొత్తం నోటికొచ్చేసింది.

సోమవారం అధికారి వాకీటాకీలో “ఎం, ఎక్స్, ఇ” అన్నాడు. యశస్విని కళ్లముందు విస్తళ్లు పరుచుకున్నాయి. పెద్దవాళ్లని ఉత్త పేరుతో పిలిచే అలవాటు లేని నోరాయె.

“మైక్ అత్తయ్యగారు, ఎక్స్‌రే వదినగారు, ఎకో బాబాయిగారు.”

అనేశాక నాలుక్కరుచుకుంది. ఉద్యోగం పోయిందనే అనుకుంది.

“మాటలు సరిగ్గానే ఉన్నాయమ్మా,” అన్నాడు అధికారి, నవ్వు ఆపుకుంటూ. “చుట్టాల్ని ఇంటిదగ్గర వదిలేసి, మొదట్నుంచీ చెప్పండి.”

ఈసారి ఆల్ఫా నుంచి జులూ దాకా ఎక్కడా ఆగలేదు. ఉద్యోగం వచ్చింది.

సాయంత్రం బస్సు దిగి నేరుగా పిన్ని ఇంటికే వెళ్లింది. కబురు విని కామేశ్వరి కళ్లు తుడుచుకుని, నీకు ఆకలేస్తుంటుంది అంటూ కంచం పెట్టింది.

అప్పుడు తట్టింది యశస్వినికి. “పిన్నీ, అంత పెద్ద బంతిలో నువ్వెక్కడా లేవేంటి?”

“నేను కూడా కూర్చుంటే వడ్డించేదెవరే?” అంది కామేశ్వరి పప్పు గిన్నె అందుకుంటూ.

యశస్విని ఆ గిన్నె లాక్కుంది. పిన్నిని భుజాలు పట్టి కంచం ముందు కూర్చోబెట్టి, తనే వడ్డించింది.