ఇరవయ్యారో తేదీ గడి

చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు ఎలిశబెతు టీచరు క్యాలెండరు ప్రూఫు కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. ఛీ, దాన్ని ముట్టుకోవాలన్నా ఆమెకు ఒళ్లు జలదరిస్తోంది. కాగితం మీద ఎర్ర పెన్ను గీతలు కొట్టింది చర్చి సెక్రటరీ టైటస్.

జువ్వలదిన్నె అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి చర్చి ఏటేటా క్యాలెండరు అచ్చు వేయిస్తుంది. ఒక్కో తేదీ గడిలో పైన ఒక బైబిలు వాక్యం, కింద చరిత్రలో ఆ రోజు జరిగిన ఒక సంగతి ఉంటాయి. గడి చిన్నది కాబట్టి ఒక్క సంగతే పడుతుంది. వాటిని ఏరి రాసే పని పాతికేళ్లుగా ఎలిశబెతుదే. ఆమె సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. డిసెంబరు ఇరవయ్యారున ఒక ఏడు రేడియం కనుక్కున్న సంగతి రాసింది, ఇంకో ఏడు సోవియట్ యూనియన్ రద్దయిన సంగతి రాసింది. లోకంలో జరిగినవన్నీ రాసింది గానీ తన గుమ్మం ముందు జరిగింది రాయడానికి ఇన్నేళ్లూ చెయ్యి రాలేదు. ఈసారి గుండె రాయి చేసుకుని రాసింది: '2004 - సునామీ. మన ఊరి లిల్లీ సముద్రంలో పోయింది.'

లిల్లీ ఆమె చెల్లెలు.

ఎర్ర పెన్ను ఆ రెండు ముక్కలనూ కొట్టేసి, పక్క గడిలోకి బాణం గీసింది. ఖాళీ చేసిన చోట 'శ్రీ టైటస్ గారి జన్మదినం' అని రాసింది. పక్కన ఫొటో కూడానట!

సాయంత్రం చర్చి వరండాలో కమిటీ కూర్చుంది. టైటస్ రొయ్యల మేత వ్యాపారంలో బాగా పెరిగాడు, పొట్టా పెరిగింది. బిస్కెట్టు టీలో ముంచుకుంటూ నింపాదిగా మాట్లాడాడు.

"కోపం దేనికి టీచరమ్మా? తీసెయ్యమన్లేదు గదా. ఇరవయ్యేడులో వేసుకోమన్నా. పుట్టినరోజు గడిలో చావు మాట ఏం బాగుంటది?"

"సునామీ వచ్చింది ఇరవయ్యారున, టైటస్ గారూ."

"ఒక్కరోజు అటూ ఇటూ అయితే కొంప మునిగిపోద్దా?"

కొంపలు మునిగిన ఊళ్లో కూర్చుని ఆ మాట అనడానికి ఆ మనిషికి నోరెట్లా వచ్చిందో! పాస్టరు సమాధానం గారు గడియారం చూసుకున్నారు. స్త్రీల సమాజం ఆనందకుమారి చీర అంచు సర్దుకుంది. పైగా ఒకాయన, "క్యాలెండరుకు డబ్బు పెట్టేది టైటసన్నే గదా" అన్నాడు. ఇన్నేళ్లు వీళ్ల పక్కనే కూర్చుని పాటలు పాడింది తను!

"ఆ చాపలు ఎవరి కోసం ఉతికినారో మర్చిపోయినారా?" అంది.

సునామీ వచ్చిన ఏడు క్రిస్మస్ శనివారం పడింది. పాయసం, కేకు పడి చర్చి చాపలన్నీ జిగటలయ్యాయి. పండుగ మర్నాడు వంతు ప్రకారం ఒకామె చాపలు ఉతకడం ఆ చర్చి ఆనవాయితీ. ఆదివారమైతే ఆరాధన వేళకు మళ్లీ పరవాలి గనక ఇంకో రోజుకు వాయిదా వేసుకునేవాళ్లే. కానీ ఆరాధన తర్వాత టైటస్ పుట్టినరోజు కృతజ్ఞత కూడిక ఉంది, నెల్లూరు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. ఎట్లాగైనా ఉతకాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. బోరింగు పని చేయక లిల్లీ చాపల్ని సముద్రంలో జాడించి, ఇసుకలో ఆరేసి కాపలా కూర్చుంది. నీళ్లు లేచి వచ్చాయి. చాపలు కూడా దొరకలేదు.

టైటస్ టీ గ్లాసు కింద పెట్టి మెల్లగా నవ్వాడు.

"గుర్తుంది టీచరమ్మా. మరి ఆరోజు వంతు ఎవరిదో కూడా రాస్తారా?"

ఎలిశబెతు ప్రూఫు కాగితం అక్కడే వదిలేసి లేచి వచ్చేసింది.

ఇంట్లో మొహం కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది. థూ, ఏం మనిషి! చచ్చినదాన్ని అడ్డం పెట్టుకుని బతికినదాని నోరు మూస్తాడా? తిట్టినకొద్దీ అసహ్యం ఆయన మీద నుంచి జారి తన మీదికే వచ్చింది. ఆరోజు వంతు ఆమెదే. రాత్రంతా క్యారల్సు పాడి వచ్చి, దుప్పటి ముసుగులోంచే "నువ్వు పోవే లిల్లీ, నాకు నిద్రొస్తా ఉంది" అన్నది ఆమే. ఇన్నేళ్లూ రేడియం రాసిందీ, సోవియట్ యూనియన్ రాసిందీ అందుకే. ఎవరైనా ఆ గడి చూసి వంతు సంగతి అడుగుతారేమోనని. టైటస్ దాచింది ఒకటైతే తను దాచింది ఇంకొకటి, అంతే తేడా.

ఆదివారం ఆరాధనలో, ఎవరి బతుకు సంగతి వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. సాక్ష్యానికి లేచినవాళ్లను మధ్యలో కూర్చోబెట్టే అధికారం ఆ చర్చిలో పాస్టరుకు కూడా లేదు. ఎలిశబెతు ముసుగు సర్దుకుని లేచింది. ముందు వరసలో టైటస్ వెనక్కి తిరిగి చూశాడు. కళ్లతోనే వద్దన్నాడు.

"చాపలు ఉతకమని పట్టుబట్టింది టైటస్ గారు. ఆయన పుట్టినరోజు కూడిక కోసం," అంది ఆమె. "ఉతకాల్సింది నేను. వంతు నాది. నిద్ర చాల్లేదని నా చెల్లెల్ని పంపినా. ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట ఈ నోటితో చెప్పలేదు. నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది."

ఆనందకుమారి చేత్తో నోరు మూసుకుంది. టైటస్ తల వంచి పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు.

పాస్టరు గారు గొంతు సవరించుకుని, "ప్రార్థన చేసుకుందామమ్మా, కూర్చోండి" అన్నారు.

"ఇంకొక్క మాట పాస్టరుగారూ. ఇరవయ్యేడున మా లిల్లీ చావలేదు. ఇరవయ్యారున చచ్చిపోయింది, నా బదులు. నా పేరుతో సహా అట్లే అచ్చు వెయ్యండి."